వెలిగే బ్లౌజు కుట్టేటప్పుడు: కండక్టివ్ దారం, అతుకులు, ఉతుకులు

కాలేజీ టెక్ ఫెస్ట్‌లో మీ స్నేహితురాలు వేసుకోవడానికి మీరు బ్లౌజు వీపు మీద 12 తెల్ల ఎల్ఈడీలు కుట్టారు. కండక్టివ్ దారం, అంటే కరెంటు పారే దారం, మూడు పేటల స్టీలుది, బ్యాటరీ నడుము దగ్గర ఒక కాయిన్ సెల్. ముందున్న నాలుగైదు బాగా వెలుగుతున్నాయి, చివరివి మసక. వేసుకుని కదిలితే మిణుకుమిణుకుమంటున్నాయి. ఒక్కసారి ఉతికితే సగం ఆరిపోయాయి. ఇంకా మంచి దారం, అంటే వెండి పూత ఉన్నది కొంటే సరిపోతుందా, లేక మీ అమ్మగారు మగ్గం వర్క్‌కు వాడే జరీ పనికొస్తుందా అని అడిగారు.

దారం కోసం ఇప్పుడే డబ్బు పెట్టకండి. మీకున్నవి మూడు వేర్వేరు సమస్యలు. మసక కరెంటు లెక్క వల్ల వచ్చింది, మిణుకు అతుకుల వల్ల, ఉతికాక ఆరిపోవడం మెత్తని బట్ట మీద గట్టి భాగాలు ఊగడం వల్ల. వెండి దారం కొన్నా మొదటిది కొంత తగ్గుతుంది, మిగతా రెండూ అలాగే ఉంటాయి.

మొదట మల్టీమీటర్ తీసి మీ దారం ఒక అడుగుకు నిరోధం, అంటే కరెంటును ఎంత అడ్డుకుంటుందో, కొలవండి. దారాన్ని బల్ల మీద పరిచి ప్రోబులు గట్టిగా అదిమి పట్టాలి, లేకపోతే తప్పు అంకె వస్తుంది. మూడు పేటల స్టీలు దారం అడుగుకు 10 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. రెండు పేటలదైతే 16 దాకా ఉండొచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుకు రాగితో పోలిస్తే నిరోధం సుమారు 40 రెట్లు. పైగా ఈ దారంలో లోహం ఉండేదే కాస్త, అదీ వెంట్రుక కంటే సన్నని పోగుల రూపంలో. అడుగుకు 10 అంటే మీటరుకు 33 ఓమ్‌లు. మోటారు వైండింగ్ షాపులో దొరికే 0.1 మిల్లీమీటర్ల ఎనామిల్ రాగి తీగ మీటరుకు 2.2 ఓమ్‌లే. కాబట్టి సర్క్యూట్ బొమ్మ గీసేటప్పుడు దారం ఉన్న ప్రతి చోటా ఒక గీత గీసి ఊరుకోకుండా, అక్కడ ఎన్ని ఓమ్‌ల రెసిస్టర్ ఉందో రాసుకోండి. ఈ ఒక్క అలవాటుతో బట్టల మీద సర్క్యూట్ల సమస్యలు చాలావరకు కాగితం మీదే తేలిపోతాయి.

మీ బ్లౌజు లెక్కే వేద్దాం. ఒక్కో ఎల్ఈడీకి 5 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే 12కి 60. బ్యాటరీ నుంచి మొదటి దీపం దాకా అడుగు దారం ఉంది. 60 మిల్లీ ఆంపియర్లు 10 ఓమ్‌ల గుండా వెళ్తే 0.6 వోల్టులు అక్కడే పోతాయి. తిరిగి వచ్చే మైనస్ దారిలో ఇంకో 0.6. మొదటి దీపం చేరేలోపే 1.2 వోల్టులు ఖర్చయ్యాయి. అక్కడి నుంచి రెండేసి అంగుళాలకు ఒక దీపం ఉందనుకుందాం. రెండు అంగుళాల దారం 1.7 ఓమ్‌లు. మొదటి ముక్కలో 55 మిల్లీ ఆంపియర్లు పారాలి, తర్వాతి దాంట్లో 50, ఆ తర్వాత 45, అలా తగ్గుతూ చివరి ముక్కలో 5. ఇవన్నీ కూడితే ప్లస్ వైపు 0.55 వోల్టులు, మైనస్ వైపు అంతే. మొత్తం కలిపి 2.3 వోల్టులు దారమే తినేయాలి. తెల్ల ఎల్ఈడీ సరిగ్గా వెలగాలంటే 3 వోల్టుల దరిదాపులో కావాలి, మీ సెల్ ఇచ్చేదే 3. నిజానికి అంత కరెంటు పారనే పారదు. బ్యాటరీకి దగ్గరున్నవి తమకు అందినంత తీసుకుంటాయి, చివరివాటికి వోల్టేజి మిగలదు. మీరు చూస్తున్న మసక ఇదే.

దీనికి తోడు కాయిన్ సెల్. సీఆర్ 2032 రకం సెల్‌కు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు అని చదివి చాలామంది మూడు నాలుగు గంటలు వస్తుందనుకుంటారు. ఆ అంకె చాలా కొద్దిపాటి కరెంటు లాగినప్పటిది. ఆ సెల్‌కు లోపలే పది ఓమ్‌లకు పైగా నిరోధం ఉంటుంది. ఒకటి రెండు దీపాలున్న బ్యాడ్జికి అది సరిపోతుంది, 12 దీపాలకు చాలదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే కాయిన్ సెల్ వాడిన బట్టను ఊరికే వదలకండి. మింగితే గొంతులోనే కాల్చేస్తుంది, ప్రాణాపాయం.

ఇప్పుడు సరిచేయడం. అన్నిటికంటే తేలికైనది రంగు మార్చడం. ఎరుపు, పసుపు, నారింజ ఎల్ఈడీలు 2 వోల్టుల దగ్గర వెలుగుతాయి. 3.7 వోల్టుల లిథియం బ్యాటరీ పెడితే 1.7 వోల్టులు చేతిలో మిగులుతాయి. ప్రతి ఎల్ఈడీకీ విడిగా 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, 5 మిల్లీ ఆంపియర్లు పారతాయి. దారంలో అర వోల్టు పోయినా మిగిలిన 1.2 వోల్టులతో దీపం వెలుగుతుంది. కొంచెం తగ్గుతుంది కానీ చూసేవాళ్ల కంటికి అంతగా తెలియదు. తెల్ల ఎల్ఈడీకైతే చేతిలో మిగిలేది 0.7 వోల్టులే, అందులో అర వోల్టు పోతే ఆరినట్టే. బ్లౌజు రంగును బట్టి తెలుపే కావాలంటే 5 వోల్టుల బూస్ట్ మాడ్యూల్ (బ్యాటరీ వోల్టేజిని పెంచే చిన్న బోర్డు) వాడి, ఎల్ఈడీకి 390 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. అన్ని దీపాలకూ కలిపి ఒకే రెసిస్టర్ మాత్రం పెట్టవద్దు.

రెండోది కరెంటు ఎక్కడ ఎక్కించాలన్నది. వరస ఒక కొసన కాకుండా మధ్యలో ఎక్కిస్తే అటు ఆరు, ఇటు ఆరు అవుతాయి. వరసలో పోయే వోల్టేజి నాలుగో వంతుకు పడిపోతుంది. వీపు మీద డిజైన్ సాధారణంగా మధ్య గీతకు ఇరువైపులా సమానంగానే ఉంటుంది కాబట్టి ఇది మీకు సులువు. డిజైన్ కుదరకపోతే ఇంకో పద్ధతి ఉంది. ప్లస్ వరస ఎడమ కొస నుంచి, మైనస్ వరస కుడి కొస నుంచి మొదలుపెట్టాలి. ప్లస్‌కు దగ్గరగా ఉన్న దీపం మైనస్‌కు దూరం అవుతుంది. మొదటిదీ చివరిదీ ఒకేలా వెలుగుతాయి, మధ్యలోవి మాత్రం కాస్త తగ్గుతాయి.

మూడోది, నేను అందరికీ గట్టిగా చెప్పేది: కరెంటు ఎక్కువగా పారే ప్రధాన దారికి రాగి వేయండి, చివరి రెండు మూడు అంగుళాలకే స్టీలు దారం వాడండి. నడుము నుంచి వీపు మధ్య దాకా 30 గేజ్ సిలికాన్ వైరు పక్క కుట్టులోంచి తీసుకెళ్తే ఎవరికీ కనపడదు. అడుగు వైరుకు నిరోధం 0.1 ఓమ్ దగ్గరే. ఇందాక 1.2 వోల్టులు పోయిన చోట వంద మిల్లీ వోల్టులు కూడా పోవు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఈ వైరు మీటర్ల లెక్కన ఇస్తారు. మొత్తం సర్క్యూట్ దారంతోనే కుట్టాలన్న పట్టుదల వీడియోలు చూసి వస్తుంది. ఆ వీడియోల్లో ఉండేది మూడు నాలుగు దీపాలు, జానెడు దూరం. ఒక్కో దీపం పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగే డబ్ల్యూఎస్ 2812 లాంటి రంగులు మారే ఎల్ఈడీలకైతే దారంతో పవర్ ఇవ్వాలన్న ఆలోచనే వదిలేయండి.

ఇక జరీ. జరీ అంటే ఏ జరీ అన్నది ముఖ్యం. అసలు జరీలో పట్టు పోగు చుట్టూ సన్నగా సాగదీసి రేకులా నొక్కిన వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. అది కరెంటును బాగానే పారనిస్తుంది. టెస్టెడ్ జరీలో వెండి బదులు రాగి ఉంటుంది, అదీ పారనిస్తుంది. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా ఉన్న ప్లాస్టిక్ జరీ మాత్రం లోహం పూసిన పాలిస్టర్ రేకు. దాని మీద లక్క లాంటి పూత ఉండటం వల్ల సాధారణంగా మల్టీమీటర్ ఏమీ చూపించదు. అమ్మగారి డబ్బాలో ఉన్న రీళ్లన్నీ కొలిచి చూడండి, బీప్ వచ్చినవి పక్కన పెట్టండి. జరీతో సర్క్యూట్ అన్నది వింత ఆలోచనేమీ కాదు. 1997లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రెమీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ బట్టల మీద సర్క్యూట్ల గురించి రాసిన తొలి పరిశోధనల్లో వాడింది మన దేశంలో నేసే పట్టు ఆర్గాంజానే. పట్టు పోగు చుట్టూ రాగి రేకు చుట్టిన పోగులు అందులో ఒకే దిశలో ఉంటాయి. అందుకే అడ్డంగా ఒక్కో పోగూ విడి తీగలా పనిచేసింది, నిలువుగా ఉన్న మామూలు పట్టు వాటిని వేరుచేసింది. మన నేతలో ఎప్పటినుంచో ఉన్న లక్షణమే అది.

అయితే బ్లౌజుకు నేను జరీని సిఫారసు చేయను. రేకు చుట్టలు చుట్టి ఉంటుంది కాబట్టి వంగే చోట చుట్టల మధ్య సందు వస్తుంది, రేకు చిట్లుతుంది. వెండి, రాగి రెండూ చెమటకు నల్లబడతాయి. చెమటలో ఉప్పు ఉంటుంది. ప్లస్, మైనస్ పోగులు పక్కపక్కన బట్ట కింద తడిస్తే, కరెంటు పారేటప్పుడు ప్లస్ వైపు లోహం మెల్లగా కరిగిపోతుంది. వెండి పూత నైలాన్ దారానికీ ఇదే బాధ, బ్లీచ్ తగిలితే ఇంకా తొందరగా. వీపు బిగుతుగా ఉండి చెమట పట్టే బ్లౌజుకు స్టీలే నయం, అంత తేలిగ్గా తుప్పు పట్టదు. జరీని పల్లు అంచులోనో, గోడకు వేలాడదీసే వస్త్రంలోనో వాడండి, అందంగా ఉంటుంది.

అమ్మగారి దగ్గర అసలు నేర్చుకోవాల్సింది జరీ గురించి కాదు, కుట్టు గురించి. మగ్గం వర్క్‌లో బరువైన లోహపు తీగను బట్టలోంచి లాగరు. పైన పరిచి, సన్నని మామూలు దారంతో అక్కడక్కడా అదిమి కుడతారు. స్టీలు దారానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. దారం సూది కన్నంలోంచి, బట్టలోంచి పదేపదే రాసుకుని చిట్లదు, వెనక వైపు తేలదు, పొడవు ఎంతో ముందే తెలుస్తుంది. ఆరీ సూదితో వేసే చైన్ స్టిచ్ మాత్రం ఈ దారంతో వద్దు. పైన రెండు వరసలు, కింద ఒకటి చొప్పున దాదాపు మూడింతల దారం పడుతుంది. ఉంగరాలు ఒకదానికొకటి తగులుతూ, విడిపోతూ ఉంటాయి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా నిరోధం మారుతుంది. ఇంకో సంగతి అమ్మగారికి తెలిసే ఉంటుంది: మగ్గం మీద బట్ట బిగుతుగా ఉంటుంది, దించగానే ముడుచుకుంటుంది. స్టీలు దారం ఏమాత్రం సాగదు. అందుకని ప్రతి దీపానికీ మధ్య కొంచెం వదులుగా, చిన్న అలలా పరచండి.

మెషిన్ మీద కుట్టేవాళ్లకు ఒక మాట: స్టీలు దారాన్ని బాబిన్‌లో వేయండి, పైన మామూలు పాలిస్టర్ దారం. పైన వేస్తే టెన్షన్ ప్లేట్ల మధ్య చిక్కుకుని తెగుతుంది.

మిణుకు సంగతికి వస్తే, దారానికీ ఎల్ఈడీ బోర్డుకూ మధ్య అతుకు వదులుగా ఉంది. స్టీలు స్ప్రింగులాంటిది, వేసిన ముడి దానంతట అదే విప్పుకుంటుంది. టంకం కూడా అంటదు. లియా బ్యూక్లీ రూపొందించగా 2007లో మార్కెట్లోకి వచ్చిన, బట్టల మీద కుట్టే లిలీప్యాడ్ సర్క్యూట్ బోర్డులకు చుట్టూ పెద్ద పెద్ద రంధ్రాలు ఉండటానికి కారణం ఇదే: టంకం లేకుండా దారంతోనే గట్టిగా చుట్టాలి. ప్రతి రంధ్రానికి కనీసం నాలుగు చుట్లు, ప్రతి చుట్టూ గట్టిగా లాగి వేయండి. బట్ట వెనక ముడి వేసి, దాని మీద నెయిల్ పాలిష్ చుక్క వేసి ఆరనివ్వండి. చుక్క ముడి మీదే పడాలి. లోహం లోహాన్ని తాకే చోటికి పాకితే అది ఇన్సులేషన్ అయిపోతుంది. మిగిలిన తోకను పూర్తిగా కత్తిరించండి. కత్తిరించిన స్టీలు కొసలు పీచులా విచ్చుకుని పక్క లైను మీద పడటం వల్లే కారణం తెలియని షార్టులు చాలా వస్తాయి. కాళ్లున్న మామూలు ఎల్ఈడీలు వాడితే కాళ్లను ముక్కు ప్లయర్‌తో ఉంగరాల్లా చుట్టి కుట్టండి. ప్లస్ గుండ్రంగా, మైనస్ చదరంగా చుడితే తర్వాత తికమక ఉండదు.

రాగి వైరు నుంచి స్టీలు దారానికి మారే చోట టిచ్ బటన్లు బాగా పనిచేస్తాయి. పెయింట్ వేయని ఇత్తడివి తీసుకోండి. ఒక సగానికి వైరు టంకం వేయండి, రెండో సగాన్ని స్టీలు దారంతో బట్టకు కుట్టండి. బట్ట మీద పెట్టే ముందే టంకం వేయాలి, లేకపోతే జార్జెట్, నెట్ లాంటివి కరిగిపోతాయి. ప్లస్‌కు ఒక సైజు, మైనస్‌కు ఇంకో సైజు బటన్ వాడితే హడావుడిలో కూడా తిరగేసి పెట్టడం కుదరదు. దారాలు ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే మధ్యలో చిన్న ఫెల్ట్ ముక్క పెట్టండి, లేదా పూస గుండా ఒక దారాన్ని పంపండి. బ్లౌజుకు ఎలాగూ లైనింగ్ ఉంటుంది. సర్క్యూట్ అంతా పై బట్ట లోపలి వైపు వేసి లైనింగ్‌తో మూసేస్తే చెమట నుంచి సగం రక్షణ దొరుకుతుంది. ప్లస్, మైనస్ వరసల మధ్య అర అంగుళమైనా ఎడం ఉంచండి.

బ్యాటరీ గురించి జాగ్రత్తగా చదవండి. లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు. దానికి దగ్గరలో ప్లస్, మైనస్ దారాలు తగిలి, మధ్యలో రెండు అంగుళాల స్టీలు దారమే ఉంటే రెండున్నర ఆంపియర్లు పారతాయి. అంటే ఆ రెండు అంగుళాల్లో 10 వాట్ల వేడి. సింథటిక్ బట్ట కరిగి ఒంటికి అంటుకుంటుంది. అందుకే బ్యాటరీ పక్కన స్టీలు దారం అసలు వద్దు, ఇన్సులేషన్ ఉన్న వైరే ఉండాలి. ప్లస్ వైరులో 200 మిల్లీ ఆంపియర్ల పాలీఫ్యూజ్ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే అడ్డుకునే ఫ్యూజ్) పెట్టండి, ఖర్చు చాలా తక్కువ. రక్షణ సర్క్యూట్ ఉన్న బ్యాటరీయే కొనండి. మెత్తటి సంచీ లాంటి లిథియం బ్యాటరీ వంగే చోట, బిగుతుగా ఉండే చోట ఉండకూడదు. బ్లౌజులో కాకుండా లెహంగా నడుము పట్టీకి చిన్న జేబు కుట్టి అందులో పెట్టండి. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, స్టేజి మీద నిలబడేది మీ స్నేహితురాలు.

ఉతకడం విషయంలో ఆశలు కొంచెం తగ్గించుకోవాలి. 2017లో గూగుల్, లీవైస్ కలిసి తెచ్చిన జకార్డ్ జాకెట్ ధర 350 డాలర్లు. చేతి కఫ్‌లో నేసిన వాహక పోగులు, విడదీయగలిగిన ఎలక్ట్రానిక్ ముక్క. అంత పెద్ద కంపెనీలు చేసిన దానికే 10 ఉతుకుల దాకా అని చెప్పారు. నీళ్లు పెద్ద శత్రువు కాదు, ఆరితే సరిపోతుంది. పిండటం, మెషిన్‌లో తిప్పటం అసలు శత్రువులు. తడిసిన బట్ట బరువెక్కి వేలాడుతుంటే గట్టి బోర్డు అంచు దగ్గర దారం అటూ ఇటూ వంగి, చుట్టు వదులవుతుంది. మీకు సగం ఆరిపోయింది అక్కడే అని నా నమ్మకం, ఒక్కో అతుకునూ వేలితో నొక్కి చూడండి, వెలుగు తిరిగి వస్తే దారం బాగానే ఉన్నట్టు. నొక్కినా రానివాటిని దారం నిరోధం కొలిచి చూడాలి.

మీరు మళ్లీ కుట్టేటప్పుడు దీపాలన్నీ ఒక విడి ప్యానెల్ మీద కుట్టండి. బ్లౌజు వీపుకు ఆ ఆకారంలో చోటు వదిలి, ప్యానెల్‌ను టిచ్ బటన్లతో, హుక్కులతో తగిలించండి. ఉతికేటప్పుడు ప్యానెల్ బయటికి వస్తుంది. ప్యానెల్ వెనక పలుచటి బక్రం వేస్తే బోర్డుల అంచు దగ్గర వంపు తగ్గుతుంది. ఈ ప్యానెల్‌నే తర్వాత వేరే బ్లౌజుకు పెట్టుకోవచ్చు, అమ్మగారి కస్టమర్లు అడిగితే అమ్మడానికి కూడా ఈ పద్ధతే వీలు. తప్పనిసరిగా తడపాల్సి వస్తే గోరువెచ్చటి నీళ్లు, తేలిక సబ్బు, పిండకుండా టవల్‌లో అద్ది నీడలో ఆరబెట్టాలి. ఒకరోజు పూర్తిగా ఆరాకే బ్యాటరీ పెట్టాలి.

మిగిలిన స్టీలు దారం ఉంచుకోండి. దానికి నిజంగా తగిన పని టచ్. మెటల్ దారంతో ఒక పువ్వు కుట్టి, దాన్ని ఈఎస్‌పీ 32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డు టచ్ పిన్నుకు కలిపితే వేలు పెట్టగానే గుర్తిస్తుంది. అక్కడ పారే కరెంటు ఎంత తక్కువంటే దారానికి వెయ్యి ఓమ్‌లున్నా తేడా రాదు. పోస్ట్, ఆర్త్ బృందం అప్పట్లోనే డెనిమ్ జాకెట్ మీద స్టీలు దారంతో కీప్యాడ్ ఎంబ్రాయిడరీ చేసి సంగీతం వాయించేలా చేసింది. మోచేతి దగ్గర అద్దాల వర్క్ పక్కన ఒక పువ్వును ముట్టుకుంటే వీపు మీద దీపాలు వరసగా వెలిగేలా చేస్తే ఫెస్ట్‌లో మీ బ్లౌజు ప్రత్యేకంగా ఉంటుంది. టచ్ పువ్వు కింద లైనింగ్‌తో పాటు ఇంకో మందపాటి బట్ట పొర వేయండి, లేకపోతే వేసుకున్న అమ్మాయి చేతినే టచ్ అనుకుంటుంది.

ఫెస్ట్‌కు ముందు బ్లౌజు వేసుకున్న అమ్మాయిని కూర్చోమని, వంగమని, చేతులు పైకెత్తమని చెప్పి ప్రతి దీపాన్నీ చూడండి. తర్వాత దీపాలన్నీ వెలుగుతుండగా మల్టీమీటర్‌తో మూడు చోట్ల వోల్టేజి కొలవండి: బ్యాటరీ దగ్గర, మొదటి దీపం దగ్గర, చివరి దీపం దగ్గర. ఆ మూడు అంకెలు, మీ దారం అడుగుకు ఎన్ని ఓమ్‌లో, ఎల్ఈడీ రంగు ఏదో ఇక్కడ రాయండి. ఎక్కడ రాగి వేయాలో, ఎంత రెసిస్టర్ పెట్టాలో లెక్క వేసి చెప్తాను.